ముర్రుపాల నాణ్యతలో గొర్రె జాతి పాత్ర ఎంత?

గొర్రెపిల్ల పుట్టేసరికి దాని రక్తంలో యాంటీబాడీలు దాదాపు సున్నా. గొర్రె మావిలో తల్లి రక్తానికీ పిండం రక్తానికీ మధ్య ఉండే పొరలను అంత పెద్ద ప్రోటీను దాటలేదు. మనిషి బిడ్డకు ఈ రక్షణ చాలావరకు కడుపులోనే అందుతుంది. గొర్రెపిల్లకు మాత్రం పుట్టాక నోటి గుండా, అదీ తొలి రోజులోపే అందాలి. ముర్రుపాలు చాలినన్ని దక్కని పిల్ల మూడో రోజునో పదో రోజునో పారుడుతోనో, బొడ్డు చీము పట్టో, కీళ్లు వాచో పడిపోతుంది. అప్పటికి అసలు కారణం ఎవరికీ గుర్తుండదు. నెపం చలి మీదకో, పాకలోని మురికి మీదకో పోతుంది.

ఏ జాతి గొర్రెల ముర్రుపాలు మంచివని అడిగితే సాధారణంగా ఒకే అంకె జవాబుగా వస్తుంది: లీటరుకు ఇన్ని గ్రాముల ఐజీజీ అని. ముర్రుపాలలోని యాంటీబాడీల్లో సింహభాగం ఈ ఐజీజీ రకమే కాబట్టి దాన్ని కొలవడం సబబే. కానీ పిల్ల తాగేది గాఢతను కాదు, పాలను. పొదుగులో ఎన్ని పాలున్నాయి, వాటిని ఎన్ని నోళ్లు పంచుకుంటున్నాయి, మొదటి గుటక ఎన్ని గంటలకు పడింది అనే మూడు సంగతులు తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. జాతి ఈ నాలుగింటి మీదా పనిచేస్తుంది. ఒక్కోసారి ఒకదాన్ని పెంచుతూనే మరొకదాన్ని తగ్గిస్తుంది. జాతుల పోలికలో వచ్చే గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది.

పొదుగులో జరిగే రెండు పనులు

ఐజీజీలో ఎక్కువ భాగం పొదుగులో తయారయ్యేది కాదు. ఈతకు ముందు చివరి వారాల్లో పొదుగు కణాల మీది గ్రాహకాలు తల్లి రక్తంలోంచి ఐజీజీ1 అనే ఉపరకాన్ని ఏరి పట్టుకుని పాల వైపు చేరవేస్తాయి. ఇది మొదటి పని. రెండోది ఈత దగ్గరపడ్డాక మొదలవుతుంది. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోను పడిపోగానే పొదుగు లాక్టోజు, అంటే పాలలోని చక్కెర, తయారీకి దిగుతుంది. లాక్టోజు తన వెంట నీటిని లాక్కొస్తుంది, దాంతో పాల పరిమాణం పెరుగుతుంది. అంటే యాంటీబాడీలు ముందు వస్తాయి, నీళ్లు వెనక వస్తాయి. ఒకే పిడికెడు ఉప్పును చెంబు నీళ్లలో కలిపితే ఒక రుచి, బిందెడు నీళ్లలో కలిపితే ఇంకో రుచి అన్నట్టు, గాఢత ఈ రెండు పనుల నిష్పత్తి మీద ఆధారపడుతుంది.

ఈనిన తర్వాత కథ వేగంగా మారుతుంది. పొదుగులోకి కొత్త ఐజీజీ రావడం దాదాపు ఆగిపోతుంది, పాలు మాత్రం ఊరుతూనే ఉంటాయి. తొలి పన్నెండు గంటల్లోనే గాఢత బాగా పడిపోతుంది, రెండో రోజుకు మామూలు పాల దారి పడుతుంది. ఒక జాతిలో ఈనిన గంటకు, ఇంకో జాతిలో ఎనిమిది గంటలకు తీసిన నమూనాలను పక్కపక్కన పెట్టి ‘ఫలానా జాతి మేలు’ అంటే అక్కడ కొలిచింది గడియారాన్నే.

జాతుల్లో నిజంగా కనిపించే తేడాలు

పాడి జాతులైన ఈస్ట్ ఫ్రీజియన్, లకోన్, అస్సాఫ్ వంటివాటిలో ముర్రుపాలు ఎక్కువ, గాఢత సగటున తక్కువ. తరతరాలుగా పాల దిగుబడి కోసం ఏరిన గొర్రెల్లో లాక్టోజు యంత్రాంగం చురుగ్గా ఉంటుంది, తొందరగా మొదలవుతుంది. అదే ఐజీజీ ఎక్కువ నీటిలో కరుగుతుంది. ఇది లోపం కాదు. పిల్ల కడుపునిండా తాగితే మొత్తం ఐజీజీ లెక్క సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే, అప్పుడే పుట్టిన పిల్ల పొట్ట చిన్నది. పలచటి పాలతో లెక్క పూర్తి కావాలంటే అది ఎక్కువసార్లు తాగాలి. పైగా పాడి గొర్రెల్లో పొదుగు బాగా కిందికి జారి, చన్నులు పక్కలకు తిరిగి ఉండటం మామూలే. పిల్ల పైన తొడ సందుల్లో వెతుకుతుంటుంది, చన్ను మోకాలి దగ్గర వేలాడుతుంటుంది. అలా గంటలు గడిచిపోతాయి.

సఫోక్, టెక్సెల్ లాంటి మాంసపు జాతుల్లో పాలు తక్కువ, చిక్కదనం ఎక్కువ ఉండే మొగ్గు కనిపిస్తుంది. వీటిలో అసలు ఇబ్బంది పాలలో కంటే పిల్లలోనే ఉంది. బరువైన పిల్ల, ఇరుకు దారి, కష్టమైన ఈత. నలిగి పుట్టిన పిల్ల లేవడానికే చాలాసేపు పడుతుంది. సఫోక్‌ను, కొండ జాతి అయిన స్కాటిష్ బ్లాక్‌ఫేస్‌ను పక్కపక్కన ఉంచి చేసిన పరిశోధనల్లో తేలింది ఇదే: బ్లాక్‌ఫేస్ పిల్లలు సఫోక్ పిల్లల కంటే త్వరగా నిలబడి, త్వరగా చన్ను పడతాయి. ఆ తల్లులు పిల్లను నాకడంలోనూ ముందుంటాయి. బ్లాక్‌ఫేస్ ముర్రుపాలకు ఉన్న మంచిపేరులో కొంత ఆ పిల్లల చురుకుదనానికే చెల్లాలి.

మెరినోలో ఇంకో తీరు. ఉన్ని కోసం పెంచిన ఈ జాతి పాలకు పేరుపడింది కాదు. దానికితోడు తల్లి ఈనిన చోటును తొందరగా వదిలి మేతకు కదిలిపోతుంది. జంట పిల్లల్లో ఒకటి వెనకబడి తప్పిపోవడం ఈ జాతిలో బాగా తెలిసిన సమస్య. తల్లి ఈనిన చోటే కనీసం ఆరు గంటలు నిలిస్తే జంట పిల్లలు బతికే అవకాశం మెరుగుపడుతుంది. నీరూ మేతా దగ్గరలో ఉంచడం, మందను కదిలించకపోవడం ఇక్కడ ముర్రుపాల నాణ్యతను పెంచడంతో సమానం.

ఇక ఫిన్‌షీప్, రొమనోవ్ లాంటి బహుసంతాన జాతులు. ఒక ఈతలో మూడు నాలుగు పిల్లలు వీటిలో వింత కాదు. పిల్లలు ఎక్కువైతే మావి హార్మోన్లు పెరిగి పొదుగు కూడా కొంత పెద్దదవుతుంది కానీ, పిల్లల సంఖ్యతో సమానంగా పాలు పెరగవు. ఒక్కో పిల్ల వాటా తగ్గుతుంది. ఆ పిల్లలు చిన్నవి, ఒంట్లో కొవ్వు నిల్వ తక్కువ, చలికి త్వరగా జారిపోతాయి. లీటరుకు ఎన్ని గ్రాములు అనే పట్టికలో ఈ జాతులు బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు, పాకలో మూడో పిల్ల మాత్రం ఆకలితో ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం

తొలి 24 గంటల్లో పిల్లకు కనీసం 30 గ్రాముల ఐజీజీ దక్కాలన్నది తరచు వాడే కొలత. పిల్ల తాగాల్సిన పాలు కిలో బరువుకు తొలి విడత 50 మి.లీ., రోజు మొత్తానికి సుమారు 200 మి.లీ. అంటే 4 కిలోల పిల్లకు మొదటి రెండు గంటల్లో 200 మి.లీ., రోజులో 800 మి.లీ. చలిగాలిలో, తడిలో పుట్టిన పిల్లకు ఇంకొంచెం ఎక్కువే కావాలి.

ఇప్పుడు మూడు గొర్రెలను ఊహించుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే, ఏ జాతికీ సగటులు కావు. మొదటిది పాడి గొర్రె: రోజుకు లీటరున్నర, లీటరుకు 40 గ్రాములు, ఒకే పిల్ల. పిల్ల 800 మి.లీ. తాగితే 32 గ్రాములు అందాయి, గట్టెక్కింది. రెండోది చిన్న కొండ గొర్రె: 500 మి.లీ., లీటరుకు 90 గ్రాములు, ఒకే పిల్ల. 45 గ్రాములు అందాయి. రక్షణకు దిగుల్లేదు, కానీ 800 తాగాల్సిన కడుపుకు 500 మాత్రమే పడ్డాయి కాబట్టి శక్తికి కొరత. మూడోది మూడు పిల్లల తల్లి: 900 మి.లీ., లీటరుకు 70 గ్రాములు. మొత్తం 63 గ్రాములు. సమానంగా పంచుకున్నా తలకు 21. నిజానికి సమానంగా పంచుకోవు కూడా, మొదట లేచిన పిల్ల చిక్కటి పాలు లాగేస్తుంది. గాఢతలో నడిమి స్థానంలో ఉన్న గొర్రె పిల్లలే అన్నిటికంటే ప్రమాదంలో పడ్డాయి.

శక్తి సంగతిని చిన్నచూపు చూడకూడదు. గొర్రెపిల్ల పుట్టినప్పుడు గోధుమరంగు కొవ్వును కాల్చుకుని వేడి పుట్టిస్తుంది. ఆ నిల్వ కొద్ది గంటలదే. తర్వాత ముర్రుపాలలోని కొవ్వూ లాక్టోజే దిక్కు. మామూలు గొర్రెపాలలో కొవ్వు ఆరేడు శాతం ఉంటే ముర్రుపాలలో దానికి రెట్టింపు వరకూ ఉండొచ్చు. తొలి రోజు చావుల్లో ఆకలి, చలిదే పెద్ద వాటా. యాంటీబాడీల లోటు కాస్త ఆగి కాటేస్తుంది.

జాతిలోపలి తేడా జాతుల మధ్య తేడా కంటే పెద్దది

దాదాపు ఏ పోలికలోనైనా ఎదురయ్యే సంగతి ఇది. ఒకే జాతిలో, ఒకే మందలో, ఒకే వారంలో ఈనిన రెండు గొర్రెల మధ్య గాఢతలో రెండు మూడు రెట్ల తేడా ఉండటం మామూలు. జాతి సగటు చూసి ఫలానా గొర్రె పాలు మంచివనుకోవడం జూదమే. ఆ తేడాకు కారణాల్లో మన చేతిలో ఉన్నవే ఎక్కువ.

అన్నిటికంటే ముందు చివరి ఆరు వారాల మేపు. పిండం బరువులో ఎక్కువ భాగం అప్పుడే పెరుగుతుంది, గర్భసంచి కడుపులో చోటు ఆక్రమించి గొర్రె తినగలిగేది తగ్గుతుంది. శక్తి చాలకపోతే ప్రొజెస్టెరాన్ పడిపోవడం ఆలస్యమవుతుంది, లాక్టోజు తయారీ వెనకబడుతుంది. ఫలితంగా ఈనే వేళకు పొదుగులో తేనెలా సాగే కొద్దిపాటి చిక్కటి ముద్ద మాత్రమే ఉంటుంది. గాఢత కొలిస్తే బ్రహ్మాండం! పిల్ల మాత్రం దాన్ని చన్నులోంచి లాగలేదు. చిక్కగా పచ్చగా ఉంటే మంచి ముర్రుపాలు అనే నమ్మకం తప్పేది ఇలాంటి చోటే. ఈతకు ముందు చివరి వారం పది రోజులు మొక్కజొన్న, బార్లీ లాంటి పిండిపదార్థమున్న గింజలు అదనంగా ఇస్తే ముర్రుపాల పరిమాణం బాగా పెరుగుతుందనీ, పాల సాగుడు తగ్గుతుందనీ ప్రయోగాల్లో రుజువైంది. గింజలను ఒక్కసారిగా కాక రోజు రోజుకూ కొద్దికొద్దిగా పెంచాలి. లేకపోతే పొట్ట పులిసి ఉన్న పాలు కూడా పోతాయి.

ఒంటి పుష్టిని నడుం మీద చెయ్యి వేసి చూడాలి, ఉన్ని చూసి మోసపోకూడదు. అయిదు పాయింట్ల కొలతలో ఈనే వేళకు 2.5 నుంచి 3 మధ్య ఉంటే మంచిది, కొండ జాతులకు 2 పైన ఉన్నా నడుస్తుంది. మాంసకృత్తుల విషయంలో జంట పిల్లలున్న గొర్రెకు ప్రత్యేక శ్రద్ధ కావాలి. ఐజీజీ తల్లి రక్తంలోంచే వస్తుంది కనుక తల్లిని ఎండగట్టి పిల్లకు పోయలేం.

టీకాది ఇంకో కోణం. ఐజీజీ ఎంత ఉందన్నదే కాదు, అది ఏ రోగాన్ని గుర్తుపడుతుందన్నదీ ముఖ్యమే. చిటుకు రోగం, ధనుర్వాతం వంటి క్లాస్ట్రీడియా జబ్బులకు బూస్టర్ టీకా ఈతకు 4 నుంచి 6 వారాల ముందు పడితే, ఐజీజీ పొదుగులోకి చేరే వేళకు తల్లి రక్తంలో ఆ యాంటీబాడీలు నిండుగా ఉంటాయి. రెండు వారాల ముందు వేస్తే తల్లికి మేలే గానీ పిల్ల వాటా తగ్గిపోతుంది. ముదురు గొర్రె ముర్రుపాలు తొలిచూలు గొర్రె పాల కంటే మెరుగ్గా ఉండటానికీ ఇలాంటి కారణమే ఉంది: అది ఆ పాకలోని క్రిములను ఎక్కువ ఏళ్లు చూసింది. తొలిచూలు గొర్రెల్లో పాలు కూడా తక్కువే. ఒక జాతి నమూనాల్లో తొలిచూలువి ఎక్కువగా కలిస్తే ఆ జాతికి అన్యాయంగా చెడ్డపేరు వస్తుంది.

చాలామందికి తట్టని ప్రమాదం ఒకటుంది. చూడి గొర్రెలకు అయోడిన్ అతిగా పెడితే, ముర్రుపాలు ఎంత బాగున్నా పిల్ల పేగు ఐజీజీని సరిగా పీల్చుకోదు. ఖనిజ లవణాల దాణా, పైన ఖనిజపు ఇటుక, దాని మీద సముద్రపు నాచు పొడి, ఇలా మూడు వైపుల నుంచి మంచే కదా అని పెట్టేచోట ఇది జరుగుతుంది. పాలు కొలిస్తే బాగుంటాయి, పిల్ల రక్తం కొలిస్తే ఖాళీగా ఉంటుంది.

కొలిచే పద్ధతి, అందులో పొరపాట్లు

పాకలో పనికొచ్చే సాధనం బ్రిక్స్ రిఫ్రాక్టోమీటరు, అంటే వెలుగు ఎంత వంగిందో చూసి పాల చిక్కదనాన్ని శాతంలో చెప్పే చేతి పరికరం. ముందు శుభ్రమైన నీటి చుక్కతో సున్నా సరిచూడాలి. ఈనిన రెండు గంటల్లోపు, వీలైతే పిల్ల తాగకముందే, చన్ను తుడిచి, చన్ను కొసన ఉండే మైనపు బిరడా పోయేదాకా రెండు మూడు ధారలు వదిలేయాలి. పొదుగు రెండు సగాల నుంచీ కొద్దికొద్దిగా తీసి కలిపి, గది వేడిమికి వచ్చాక రెండు చుక్కలు అద్దం మీద వేసి వెలుగుకు పట్టి చదవాలి. తర్వాత అద్దాన్ని గోరువెచ్చని నీటితో కడగాలి, గొర్రెపాల కొవ్వు చల్లనీళ్లకు వదలదు. ఆ జిడ్డు పొర మీదే తర్వాతి నమూనా వేస్తే అంకె తప్పుతుంది. గీత మసగ్గా కనిపిస్తే పాలను మెల్లగా కలిపి మళ్లీ వేసి చూడాలి.

గొర్రెలకు 26 నుంచి 26.5 శాతం బ్రిక్స్‌ను, అంటే లీటరుకు సుమారు 50 గ్రాముల ఐజీజీని, మంచి ముర్రుపాల గీతగా చాలామంది వాడతారు. ఆవులకు వాడే 22 శాతాన్ని నేరుగా గొర్రెలకు అంటగట్టకూడదు. బ్రిక్స్ కొలిచేది ఐజీజీని కాదు, పాలలోని మొత్తం ఘనపదార్థాన్ని. అందులో కొవ్వూ, కేసీన్ అనే పాల ప్రోటీనూ కూడా ఉంటాయి. కొవ్వు ఎక్కువుండే జాతిలో అంకె కొంచెం ఎక్కువ చెబుతుంది. అందుకే ఒక జాతి బ్రిక్స్ సగటును మరో జాతితో పోల్చడం కంటే, ఒకే మందలో ఏ గొర్రె వెనకబడిందో పట్టుకోవడానికి దీన్ని వాడటం నమ్మకమైన పని. తేలుడు గొట్టంలా ఉండే కొలోస్ట్రోమీటరు ఆవు ముర్రుపాలకు తయారైంది. పాల వేడిమి మారితే దాని అంకె మారుతుంది, గొర్రె నుంచి అంత పాలు పిండి దానికి పోయడమూ దండగే.

ప్రయోగశాల అంకెల్లోనూ ఒక మెలిక ఉంది. ఆర్‌ఐడీ, ఎలైజా అనే రెండు పద్ధతులు ఒకే నమూనాకు ఒకే విలువ ఇవ్వకపోవచ్చు. రెండు జాతుల మీద రెండు వేర్వేరు చోట్ల వచ్చిన ఫలితాలను పోల్చే ముందు పద్ధతి, నమూనా తీసిన వేళ, ఎన్నో ఈత, ఎన్ని పిల్లలు అనే నాలుగూ చూడాలి. అవి రాయని పట్టికను పక్కన పెట్టేయడమే మంచిది.

పాలు చాలనప్పుడు

పేగు ఐజీజీని నేరుగా పీల్చుకునే శక్తి పుట్టిన మొదటి ఆరు గంటల్లో బాగుంటుంది, 24 గంటలకు దాదాపు మూసుకుపోతుంది. కాబట్టి నిర్ణయం రెండు గంటలకే తీసుకోవాలి. పిల్ల పొట్ట పట్టి చూస్తే తెలుస్తుంది, పక్కటెముకల వెనక లోతుగా ఉంటే పాలు పడలేదు. ముందు తల్లి చన్ను పిండి చూడాలి. పాలుండి పిల్ల తాగలేకపోతే పిండి పట్టాలి. పొదుగు రాయిలా గట్టిగా ఉండి పాలు రాకపోతే పొదుగువాపో, మేడీ-విస్నా వైరసో అయివుండొచ్చు. ఆ గొర్రె పాలు ఎవరికీ పట్టకూడదు.

ప్రత్యామ్నాయాల్లో మొదటిది అదే మందలోని, అదే రోజు ఈనిన మరో గొర్రె పాలు. ఒకే పిల్ల ఈనిన పాడి సంకర గొర్రె ఇందుకు చక్కగా పనికొస్తుంది, ఆ జాతి ఎక్కువ పరిమాణం ఇక్కడ అక్కరకొస్తుంది. మిగిలిన పాలను 50, 100 మి.లీ. సంచుల్లో పోసి, తేదీ రాసి, సున్నాకు 18 నుంచి 20 డిగ్రీలు దిగువన గడ్డకట్టిస్తే ఏడాది వరకు నిలుస్తాయి. కరిగించేటప్పుడు 40 డిగ్రీల నీటి గిన్నెలో ఉంచాలి. మరిగే నీళ్లూ మైక్రోవేవూ యాంటీబాడీలను చెడగొడతాయి. ఒకసారి కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకూడదు.

ఆవు ముర్రుపాలు వాడొచ్చు, రెండు జాగ్రత్తలతో. గొర్రె పాల కంటే పలచన కాబట్టి మూడో వంతు ఎక్కువ పట్టాలి. ఇక కొన్ని ఆవుల పాలలోని యాంటీబాడీలు గొర్రెపిల్ల ఎర్రరక్తకణాలకే అతుక్కుంటాయి. పిల్ల బాగానే ఉన్నట్టుండి వారం రెండు వారాల తర్వాత చిగుళ్లు తెల్లబడి కూలబడుతుంది. ఏ ఆవులో ఆ గుణముందో పైకి తెలియదు. అందుకే ఒకే ఆవు పాలు వాడకుండా కనీసం నాలుగైదు ఆవులవి కలిపి వాడతారు. ఆ ఆవులు జోన్స్ వ్యాధి (పేగులకు పట్టే అంటురోగం) లేని మందవి కావాలి.

గొట్టంతో పట్టేటప్పుడు మొదట పిల్ల గుదంలో థర్మామీటరు పెట్టి చూడాలి. 39 నుంచి 40 డిగ్రీలు మామూలు. 37 కంటే తగ్గి, తల నిలపలేని స్థితిలో ఉంటే గొట్టం వేయకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అయిదు గంటలు దాటిన పిల్ల అలా ఉంటే, వెచ్చబెట్టడానికి ముందే పశువైద్యుడి చేత పొట్టలోకి 20 శాతం గ్లూకోజు ఎక్కించాలి. రక్తంలో చక్కెర లేకుండా ఒళ్లు వేడెక్కితే మూర్ఛ వచ్చి చస్తుంది. తల నిలపగలిగే పిల్లకైతే గొట్టాన్ని ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెట్టుకుని, నోటి పక్క నుంచి మింగిస్తూ దించి, ఒంటి వేడికి తెచ్చిన పాలను రెండు మూడు నిమిషాలు తీసుకుని నెమ్మదిగా పోయాలి.

అంతా అయ్యాక పని సరిగా జరిగిందో లేదో చెప్పేది పిల్ల రక్తమే. ఒకటి రెండు రోజుల వయసులో తీసిన రక్తంలో ఐజీజీ లీటరుకు 15 గ్రాములు దాటితే ముర్రుపాలు అందినట్టే. మందకు పది పన్నెండు పిల్లలను, అందులో జంటలవీ తొలిచూలువీ కలిసేలా ఏరి ఇలా పరీక్ష చేయిస్తే, జాతి మార్చాలా, మేపు మార్చాలా, ఈనే వేళ పాకలో ఇంకో మనిషిని పెట్టాలా అన్నది తేలుతుంది. పాలు బాగుండి రక్తం ఖాళీగా ఉంటే వేళ తప్పిందేమో, అయోడిన్ ఎక్కువైందేమో చూడాలి. పాలే పలచనైతే గొర్రెల వయసు చూడాలి. పాలు చిక్కనై కొద్దిగా ఉంటే చివరి పదిరోజుల దాణా చూడాలి. ఈ మూడూ సరిగా ఉండి కూడా ఒకే తల్లి కూతుళ్లు ఏటేటా వెనకబడుతుంటే, ఆ వంశాన్ని మందలో కొనసాగించకపోవడం మేలు.